టమాటా చవకైనప్పుడే వండి ఫ్రీజర్‌లో దాచుకోవడం ఎలా?

2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో మేలురకం టమాటా కిలో 150 రూపాయలు దాటింది. రైతు బజార్ల ముందు సబ్సిడీ టమాటా కోసం జనం సంచులు పట్టుకుని బారులు తీరారు. అదే టమాటాని ధర పడిపోయిన సీజన్లో కోత కూలి కూడా రాదని రైతులు రోడ్డు పక్కన పారబోసి వెళ్లిపోవడమూ మనం చూశాం. ఏటా ఇదే తంతు. కొనేవాళ్లుగా మన చేతిలో ఉన్నది ఒక్కటే: చవకగా ఉన్న రోజున ఎక్కువ కొని, గుజ్జుగా వండి, గడ్డకట్టించి పెట్టుకోవడం.

మా అత్తయ్య ఎండాకాలంలో టమాటా నిల్వ పచ్చడి పెట్టేది. దానికి ఎండ కావాలి, ఉప్పు, కారం, నూనె దండిగా పడాలి. పైగా అది పచ్చడిగానే తినాలి. ఫ్రీజర్ గుజ్జయితే రసంలోకీ పప్పులోకీ కూరలోకీ పాస్తాలోకీ దేనికైనా వెళ్తుంది.

ముందు లెక్క చూసుకోండి

కిలో 12 రూపాయలున్నప్పుడు 5 కిలోలు కొన్నామనుకుందాం. 60 రూపాయలు. పెద్ద బర్నర్ గంటసేపు మండితే సుమారు 150 నుంచి 200 గ్రాముల గ్యాస్ ఖర్చవుతుంది, అంటే ఓ పది పదిహేను రూపాయలు. మొత్తం 75 అనుకోండి. అదే 5 కిలోలు కిలో 60 ఉన్నప్పుడు కొంటే 300. ధర 25 దాటాక మాత్రం నేను ఈ పని పెట్టుకోను. మిగిలేది తక్కువ, నడుం నొప్పి ఎక్కువ. దీనికోసమే కొత్తగా డీప్ ఫ్రీజర్ కొనాలన్న ఆలోచన కూడా వద్దు. ఇంట్లో ఎలాగూ నడుస్తున్న ఫ్రిజ్‌లో ఖాళీగా ఉన్న జాగా వాడుకుంటేనే ఇది లాభం.

కొనడం

బండి దగ్గర కాకుండా రైతు బజార్‌కో, హోల్‌సేల్ మార్కెట్‌కో వెళ్లండి. ట్రే మొత్తం కొంటే ఇంకా తగ్గుతుంది కానీ 25 కిలోలు ఒక్క ఇంటికి మోయలేని భారం. పక్కింటివాళ్లతో కలిసి పంచుకోండి. నాటు టమాటా పుల్లగా, రసం ఎక్కువగా ఉంటుంది. కోలగా, గట్టిగా ఉండే రకంలో కండ ఎక్కువ. నేను రెండూ సగం సగం కలుపుతాను. పులుపు నాటు నుంచి, చిక్కదనం రెండోదాని నుంచి వస్తుంది.

బాగా పండినవి, కొంచెం మెత్తబడినవి పరవాలేదు, అవే చవక కూడా. బూజు పట్టిన కాయని మాత్రం ఆ భాగం కోసేసి వాడుకుందామని చూడకుండా మొత్తంగా పారేయండి.

ఉడికించడం

కడిగి, తొడిమ దగ్గర గట్టిగా ఉండే భాగం తీసేసి, ఒక్కో కాయని నాలుగు ముక్కలు చేయండి. వెడల్పాటి స్టీలు గిన్నెలో వేసి, చుక్క నీళ్లు పోయకుండా మూత పెట్టి సన్నని సెగమీద ఉంచండి. టమాటాలో నూటికి 94 పాళ్లు నీరే, పది నిమిషాల్లో దానంతట అదే ఊరుతుంది. అల్యూమినియం డేగిశా వద్దు. పులుపుకి లోహం కరిగి రుచి మారుతుంది.

ముక్కలు మెత్తబడ్డాక దించి, ఆరాక మిక్సీలో వేయండి. వేడిగా ఉండగానే వేస్తే మూత ఎగిరి వంటింటి గోడంతా ఎర్రబడుతుంది. తొక్కలూ గింజలూ నలిగిపోతాయి కాబట్టి కూరలకి వడకట్టే పని లేదు. పాస్తా సాస్‌కో, పిల్లలకి చేసే సూపుకో అయితే జల్లెడలో పోసి గరిటెతో రుద్దండి.

ఇప్పుడు అసలు పని. గుజ్జుని మళ్లీ గిన్నెలో పోసి, మూత లేకుండా మధ్యస్థ సెగమీద దగ్గరపడనివ్వాలి. మొదట్లో నురగొస్తుంది, తర్వాత తుకతుకమంటూ చిట్లుతుంది. చేతులు జాగ్రత్త. గిన్నె మీద చిల్లుల జల్లెడ బోర్లిస్తే ఆవిరి పోతుంది, తుంపరలు ఆగుతాయి. చివరి పదిహేను నిమిషాలు పక్కకి కదలకండి, అడుగంటిందంటే మొత్తానికీ మాడు వాసన పట్టేస్తుంది. గరిటెతో అడుగున ఒక గీత గీయండి. ఆ దారి వెంటనే పూడిపోతే ఇంకా నీరుందన్నమాట. ఒకటి రెండు క్షణాలు అలాగే నిలిచి మెల్లగా మూసుకుంటే దించేయొచ్చు. 5 కిలోలకి దాదాపు 2 కిలోల గుజ్జు వస్తుంది.

ఉప్పు, కారం, పోపు ఏమీ వేయకండి. ఉత్త గుజ్జుకి ఉన్న స్వేచ్ఛ మసాలా గుజ్జుకి ఉండదు.

అయినా వారంలో నాలుగు రోజులు గ్రేవీ కూరలు చేసే ఇల్లయితే, కొంత భాగాన్ని మసాలాగా మార్చుకోవచ్చు. కిలో ఉల్లిపాయలు సన్నగా తరిగి, 150 మిల్లీలీటర్ల నూనెలో ఓపిగ్గా ఎర్రగా వేయించి, 100 గ్రాముల అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు వేసి, పచ్చివాసన పోయాక కిలో గుజ్జు కలిపి నూనె తేలేదాకా ఉంచండి. పెరుగు, మీగడ, కొత్తిమీర, గరం మసాలా వండే రోజున వేసుకోవాలి. పెరుగూ మీగడా గడ్డకట్టి కరిగితే విరిగినట్టవుతాయి.

చల్లార్చడం, నింపడం

వేడి గిన్నెని తెచ్చి ఫ్రీజర్‌లో పెడితే పక్కనున్నవన్నీ కరుగుతాయి. అలాగని రాత్రంతా బయట వదిలేయకూడదు. టబ్బులో చల్లనీళ్లు పోసి అందులో గిన్నె నిలబెట్టి కలుపుతూ ఉంటే గంటలోపే చల్లారుతుంది. వండినదేదైనా రెండు గంటలకి మించి బయట ఉంచకండి. వెల్లుల్లి, నూనె ఉన్న మసాలా విషయంలో ఇంకా జాగ్రత్త.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. మొదటిసారి గుజ్జంతా ఒకే పెద్ద డబ్బాలో పోసి గడ్డకట్టించాను. వారం తర్వాత రసానికి రెండు చెంచాలు కావాలంటే ఇటుకలాంటి గడ్డ! కత్తితో పొడిస్తే కత్తి మొన వంగింది గానీ గడ్డ కదల్లేదు. చివరికి మొత్తం కరిగించి, మూడు రోజులు ప్రతి పూటా టమాటా తిన్నాం. అందుకే చెబుతున్నా, ఒక వంటకి ఎంత కావాలో అంతే ఒక ముక్కగా గడ్డకట్టించండి. ఈ మొత్తం పనిలో డబ్బు మిగిలేదీ పోయేదీ ఈ ఒక్క దగ్గరే.

రసానికీ పప్పుకీ ఐస్ ట్రే సరిపోతుంది. ఒక గడిలో సుమారు రెండు టేబుల్ స్పూన్లు పడుతుంది, అంటే ఒక టమాటాకి కాస్త తక్కువ. రాత్రికి గడ్డకట్టాక తీసి జిప్ కవర్లో వేసి, ట్రేని మళ్లీ నింపుకోండి. టమాటా రంగు ప్లాస్టిక్‌కి పట్టేస్తుంది కాబట్టి పాత ట్రే ఒకటి దీనికే కేటాయించండి, లేకపోతే మంచినీళ్లలో వేసే ఐసు గులాబీ రంగులో వస్తుంది.

కూర గ్రేవీకి జిప్ కవరే మేలు. కప్పు గుజ్జు పోసి, గాలి నొక్కేసి, అరంగుళం మందాన పళ్లెంలో పరిచి పెట్టండి. పూర్తిగా గట్టిపడకముందే కవర్ మీంచి కత్తి వీపుతో గీతలు నొక్కితే, తర్వాత చాక్లెట్ బిళ్లలా విరుచుకోవచ్చు. గట్టిపడ్డాక కవర్లని పుస్తకాల్లా నిలబెట్టేయండి. గాజు సీసాల జోలికి వెళ్లకండి, నీరు గడ్డకడితే ఉబ్బుతుంది, సీసా పగులుతుంది. డబ్బా అయితే పైన రెండు సెంటీమీటర్లు వదిలి నింపాలి. కవర్ మీద తేదీ ముందే రాయాలి, చెమ్మ పట్టాక పెన్ను పడదు.

ఎన్నాళ్లుంటుంది?

మైనస్ 18 డిగ్రీలుండే ఫ్రీజర్‌లో నాలుగైదు నెలలు రుచి బాగానే ఉంటుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్ పైన ఉండే చిన్న అరలో అంత చలి ఉండదు కాబట్టి నెలన్నరలోపు వాడేయండి.

కరెంటు కోతలుండే ఊళ్లలో నమ్మకం కోసం ఒక పని చేయండి. చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, దానిమీద రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లోనే ఉంచండి. ఊరెళ్లి వచ్చాక బిళ్ల పైనే ఉంటే ఏం కాలేదు. అడుగుకి చేరి ఉంటే, మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. ఆ గుజ్జు పారేయడమే. నిండుగా ఉన్న పెద్ద ఫ్రీజర్, తలుపు తీయకపోతే, కరెంటు లేకున్నా దాదాపు రెండు రోజులు తట్టుకుంటుంది.

వాడడం

కరిగించే పని లేదు. పోపు వేగాక గడ్డనే బాణలిలో వేసి వెంటనే మూత పెట్టండి, నూనెలో మంచు పడితే చిటపటలాడుతుంది. రసానికైతే నేరుగా మరిగే నీళ్లలో వేయండి. ఒకసారి కరిగించిన గుజ్జుని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకుండా, ఫ్రిజ్ కింది అరలో ఉంచి మూడు రోజుల్లో ముగించండి. గుజ్జు చిక్కనిది కాబట్టి తాజా టమాటా వేసినప్పటికంటే నీళ్లు ఒక అరగ్లాసు ఎక్కువ పడతాయి. ఉప్పు ఆఖర్న చూసుకుని వేయండి.