గీజర్ నీళ్లు గోరువెచ్చన దాటట్లేదా? థర్మోస్టాట్ మార్చే ముందు లైటు ఎప్పుడు ఆరుతుందో చూడండి

ధనుర్మాసం వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం వైపు గీజర్ రిపేర్లు మొదలవుతాయి. నాబ్ చివరిదాకా తిప్పినా నీళ్లు గోరువెచ్చగానే వస్తాయి. పిలిస్తే వచ్చినాయన మూత కూడా తీయకుండానే "థర్మోస్టాట్ పోయింది సార్" అంటాడు. థర్మోస్టాట్ అంటే నీళ్లు మనం పెట్టిన వేడికి చేరగానే కరెంటు ఆపేది, దాంతోపాటే హీటింగ్ లైటూ ఆరుతుంది. ఒక్కోసారి ఆయన మాట నిజమే అవుతుంది. చాలాసార్లు మాత్రం కొత్తది వేసిన మర్నాడు కూడా అవే గోరువెచ్చని నీళ్లు. గీజర్ మీదున్న హీటింగ్ లైటు, చేతిలో గడియారం, ఒక థర్మామీటర్ ఉంటే మెకానిక్ వచ్చేలోపే తప్పు ఏ వైపుందో పట్టుకోవచ్చు. అది తెలిశాకే మూత తీయాలా వద్దా అన్నది.

థర్మామీటర్ అంటే జ్వరం చూసేది కాదు. అది 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, గాజుదైతే వేడినీళ్లలో పగిలిపోతుంది. వంటింట్లో వాడే, పొడుగాటి పుల్ల ఉన్న డిజిటల్ థర్మామీటర్ కావాలి.

పరీక్ష ఇలా చేయాలి. గీజర్ ఆపి, వేడినీళ్ల కుళాయి విప్పి చల్లనీళ్లు వచ్చేదాకా వదలండి. నాబ్ 60 దగ్గర పెట్టండి. అంకెలు లేని నాబ్ అయితే పూర్తిగా తిప్పండి. స్విచ్ వేసి టైము రాసుకోండి. లైటు ఆరేదాకా ఇంట్లో ఎవరూ వేడి కుళాయి ముట్టుకోకూడదు. ఆరగానే పైపులో నిలిచిన నీళ్లు ఒకటి రెండు మగ్గులు పారబోసి, తర్వాతవి స్టీలు గ్లాసులో పట్టి కొలవండి. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి, పిల్లల్ని అటు రానివ్వద్దు.

ఎంతసేపటికి ఆరాలన్నది లెక్కే. నీళ్లు ఎన్ని లీటర్లో, ఎన్ని డిగ్రీలు పెరగాలో ఆ రెండూ గుణించి, 0.07తో మళ్లీ గుణించి, ఎలిమెంట్ (లోపల నీళ్లు కాచే కడ్డీ) ఎన్ని కిలోవాట్లో దాంతో భాగిస్తే నిమిషాలు వస్తాయి. డాబా మీది ట్యాంకు నీళ్లు 22 డిగ్రీలున్నాయనుకోండి. 15 లీటర్ల గీజర్, 2 కిలోవాట్ల ఎలిమెంట్, 60 డిగ్రీలకు దాదాపు 20 నిమిషాలు. 25 లీటర్లదైతే 33. గీజర్ లోపలి ట్యాంకు వేడెక్కడానికి ఇంకో రెండు మూడు నిమిషాలు కలుపుకోండి. ఎలిమెంట్ వాట్లు గీజర్ పక్కన అంటించిన రేటింగ్ ప్లేటు మీద ఉంటాయి.

ఇక మీకు వచ్చిన రెండు అంకెలు ఏం చెబుతున్నాయో చూద్దాం.

లైటు టైముకే ఆరింది, కుళాయిలో మాత్రం వేడి లేదు

అంటే థర్మోస్టాట్ తన పని తాను చేసింది. వేడినీళ్లు ట్యాంకులో ఉన్నాయి, మీ బకెట్లోకి రావట్లేదు. ఎక్కువ ఇళ్లలో దొరికేది ఇదే, ఎక్కువమంది చూడనిదీ ఇదే.

ముందుగా గీజర్‌కి చల్లనీళ్లు వెళ్లే యాంగిల్ కాక్ (గోడకున్న చిన్న కుళాయి) పూర్తిగా కట్టేసి, వేడినీళ్ల కుళాయి విప్పండి. కాసేపు కారి ఆగిపోవాలి. ఆగకుండా ధార వస్తూనే ఉంటే, చల్లనీళ్లు వేరే దారిన వేడి పైపులోకి దూరుతున్నట్టు. సాధారణంగా ఆ దారి వాల్ మిక్సరే, అంటే వేడినీళ్లూ చల్లనీళ్లూ కలిపిచ్చే గోడ కుళాయి. కింద చేతి షవర్‌ని దాని బటన్ దగ్గర మాత్రమే ఆపి, మిక్సర్ రెండు నాబ్‌లూ తెరిచి వదిలేసిన ఇంట్లో చల్లనీళ్లు ఒక నాబ్‌లోంచి వచ్చి రెండోదాంట్లోంచి వేడి పైపులోకి పోతాయి. రెండు నాబ్‌లూ కట్టి మళ్లీ కొలవండి. అలా కట్టినా వస్తుంటే మిక్సర్ లోపలి వాషర్లు, స్పిండిల్ పోయాయి. ఐదు నిమిషాల పని, కొత్త థర్మోస్టాట్ ఖర్చు మిగులుతుంది.

తర్వాత పైపుల వైపు చూడండి. నీలం రింగు ఉన్న చోట చల్లనీళ్లు లోపలికి, ఎర్ర రింగు నుంచి వేడినీళ్లు బయటికి. కొత్తగా బిగించినప్పుడో ఇల్లు మారినప్పుడో ఇవి తారుమారైతే చల్లనీళ్లు ట్యాంకు పైభాగంలో పడి వేడినీళ్లలో కలిసిపోతాయి, కుళాయికి వచ్చేవి అడుగునున్న చల్లనివి. రింగులు సరిగ్గానే ఉండి గీజర్ పాతదైతే, లోపల పైదాకా వెళ్లే వేడినీళ్ల గొట్టం తుప్పు పట్టి విరిగిపోయి ఉండొచ్చు. మిగిలిన గొట్టం ముక్క అడుగు నుంచే నీళ్లు లాగుతుంది.

ఇంకోటి, తప్పు కానిది కూడా తప్పులా కనిపిస్తుంది. 60 డిగ్రీల 15 లీటర్లకి దాదాపు 17 లీటర్ల చల్లనీళ్లు కలిపితే 40 డిగ్రీల స్నానపు నీళ్లు రెండు బకెట్లు తయారవుతాయి. మూడో మనిషి వెంటనే బకెట్ పెడితే గోరువెచ్చనే వస్తుంది. ఇరవై నిమిషాలు ఆగమనండి.

లైటు ఎంతకీ ఆరదు, లేదా చాలా ఆలస్యంగా ఆరుతుంది

మొదట వోల్టేజి. గీజర్ నడుస్తుండగా, అదే బోర్డులోని వేరే సాకెట్‌లో మల్టీమీటర్ పెట్టి చూడండి. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లిచ్చే ఎలిమెంట్, 190 వోల్టులకు దాదాపు 1365 వాట్లే ఇస్తుంది. వోల్టేజి తగ్గిన దానికన్నా వేడి ఎక్కువగా తగ్గుతుంది, 20 నిమిషాల పని 29 అవుతుంది. భోగినాడు తెల్లవారుజామున వీధి వీధంతా తలంట్లు పోసుకుంటున్న వేళ థర్మోస్టాట్‌ని తిట్టుకుని లాభం లేదు. మధ్యాహ్నం అదే పరీక్ష మళ్లీ చేయండి. మధ్యాహ్నం బాగుంటే గీజర్‌లో తప్పు లేదు. గీజర్ ఆపినప్పుడు 230 ఉండి, వేయగానే 200కి పడిపోతే మాత్రం మీ ఇంటి వైరింగ్‌లోనే లూజు కనెక్షనో, సన్నటి వైరో ఉంది. 16 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఉండాలి. ప్లగ్గు ముట్టుకుంటే కాలుతోందంటే, దాని పిన్నులు నల్లబడ్డాయంటే ఆ రోజే మార్చాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద గీజర్ నడపకూడదు.

వోల్టేజి బాగుంటే ఎలిమెంట్. ఇంతకుముందు ఎవరైనా మార్చి ఉంటే 2000 వాట్ల చోట 1500 వాట్లది పెట్టారేమో చూడాలి. స్విచ్ ఆపి, వైర్లు విడదీసి, రెండు టెర్మినల్స్ మధ్య ఓమ్‌లు కొలిస్తే తెలిసిపోతుంది. 2000 వాట్లదానికి 26 చుట్టుపక్కల, 1500 దానికి 35, 3000 దానికి 17 లేదా 18. అసలు రీడింగే రాకపోతే ఎలిమెంట్ తెగిపోయింది. టెర్మినల్‌కీ లోహపు తొడుగుకీ మధ్య ఏ చిన్న రీడింగ్ కనిపించినా షాక్ ప్రమాదం, ఆ ఎలిమెంట్ వాడొద్దు.

సున్నం పట్టిన ఎలిమెంట్ వేడి తక్కువిస్తుందని అందరూ అంటారు. కరెంటు లాగినంత వేడి ఎక్కడికీ పోదు, చివరికి నీళ్లలోకే వస్తుంది. సున్నం చేసే అసలు చెడు వేరు: లోపల తొడుగు అతిగా కాలి ఎలిమెంట్ తొందరగా తెగిపోతుంది.

లైటు పది నిమిషాల్లోపే ఆరిపోతుంది, నీళ్లు 40 దగ్గరే

ఇక్కడ మూత తీయాల్సిందే. 15 లీటర్లని పది నిమిషాల్లో 60కి తీసుకెళ్లడం 2 కిలోవాట్లతో కుదరదు, కాబట్టి థర్మోస్టాట్ ముందే కత్తిరిస్తోంది. తప్పు థర్మోస్టాట్‌దైనా కావచ్చు, దాన్ని తప్పుదారి పట్టిస్తున్న సున్నానిదైనా కావచ్చు. తీరం వెంబడి బోరు నీళ్లు నాలుకకు ఉప్పగా తగిలే ఊళ్లలో, కెటిల్ అడుగున తెల్లటి పెచ్చులు కట్టే ఇళ్లలో, ముందు సున్నాన్నే అనుమానించండి. థర్మోస్టాట్ పుల్ల దూరే సన్నటి గొట్టం ఎలిమెంట్ పక్కనే ఉంటుంది. రెంటి మధ్యా సున్నం గడ్డకట్టి అతుక్కుంటే, ఎలిమెంట్‌లోని వేడి, నీళ్ల గుండా రాకుండా నేరుగా గొట్టానికి తగులుతుంది. నీళ్లు ఇంకా కాగకముందే కాగినట్టు థర్మోస్టాట్ మోసపోతుంది.

స్విచ్ ఒక్కటే కాదు, మెయిన్ బోర్డులోని ఎంసీబీ కూడా దించండి. వేడి కుళాయి వదిలి ట్యాంకులో చల్లనీళ్లు నిండాక యాంగిల్ కాక్ కట్టేయండి. కింది మూత స్క్రూలు తీసి, వైర్లు ముట్టుకోకముందే ఫోన్‌లో ఫోటో తీయండి, తర్వాత టెస్టర్‌తో ప్రతి టెర్మినల్‌లో కరెంటు లేదని చూసుకోండి. మీకు ఇందులో చేయి తిరగకపోతే ఇక్కడ ఆగి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

థర్మోస్టాట్ బయటికి లాగి పొయ్యి మీద పరీక్షించొచ్చు. చిన్న గిన్నెలో నీళ్లు కాచుతూ, థర్మామీటర్ పక్కనే పుల్ల (కేపిలరీ రకమైతే గొట్టం చివరున్న బల్బు) మాత్రమే ముంచండి, టెర్మినల్స్ తడవకూడదు. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో రెండు టెర్మినల్స్‌కి తగిలించండి. చల్లగా ఉన్నప్పుడు బీప్ మోగుతుంది. నాబ్ 60లో ఉంటే 55, 65 మధ్య టిక్కుమని బీప్ ఆగాలి. 45కే ఆగిపోతే అది పోయినట్టే. మొదట్నుంచీ బీప్ లేకపోయినా అంతే. కేపిలరీ రకానికి సన్నటి రాగి తీగలాంటి గొట్టం ఉంటుంది, అది మడత పడితే పాడవుతుంది. 60 దగ్గరే టిక్కుమంటే థర్మోస్టాట్‌కి దోషం లేదు, తప్పు సున్నానిది.

ఎలిమెంట్ దించాలంటే ముందు నీళ్లు మొత్తం వదలాలి. ఫ్లాంజి (ఎలిమెంట్ బిగించిన ప్లేటు) నట్లు ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేయండి. లీటరు వేడినీళ్లకి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, టెర్మినల్స్ పైకి ఉంచి ఎలిమెంట్‌ని ఒక గంట నానబెట్టండి, నురగ ఆగాక కడగండి. బాత్‌రూమ్ యాసిడ్ పోయొద్దు, రాగినీ స్టీలునూ తినేస్తుంది. గ్లాస్‌లైన్డ్ (లోపల గాజు పూత ఉన్న) ట్యాంకు లోపల స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు, పొర చిట్లితే అక్కడి నుంచే తుప్పు. ట్యాంకుకి బదులు తాను కరిగి తుప్పు ఆపే మెగ్నీషియం రాడ్ సగానికి అరిగిపోయి ఉంటే మార్చేయండి. ఉప్పునీళ్లలో అది త్వరగా కరిగిపోతుంది, ఏడాదికోసారి చూడాలి.

కొత్త థర్మోస్టాట్ కొనడానికి పాతదాన్ని వెంట పట్టుకెళ్లండి. పుల్ల పొడవు, టెర్మినల్స్ అమరిక, కనీసం 16 ఆంపియర్ల రేటింగ్, మూడూ కలవాలి. పుల్ల గొట్టంలో చివరిదాకా దూరాలి. పైకి తేలి ఉంటే నీళ్ల వేడి దానికి ఆలస్యంగా తెలుస్తుంది. ట్యాంకు అతిగా వేడెక్కి కటౌట్ (అలాంటప్పుడు కరెంటు ఆపేసే రక్షణ స్విచ్) పడుతుంది. పడిన కటౌట్‌ని నొక్కి మళ్లీ వాడొచ్చు, కానీ వారంలో రెండోసారి పడితే నొక్కడం మాని కారణం వెతకండి. దాన్ని షార్ట్ చేసి నడపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

కొత్త గ్యాస్కెట్‌తో నట్లు మళ్లీ ఎదురెదురుగా బిగించండి. యాంగిల్ కాక్ తెరిచి, వేడి కుళాయిలోంచి గాలి చిమ్మడం ఆగి ధార ఆగకుండా, నిండుగా వచ్చేదాకా వదలండి. ట్యాంకు నిండకుండా స్విచ్ వేస్తే ఎలిమెంట్ నిమిషాల్లో పోతుంది. పది నిమిషాలు చెమ్మ ఎక్కడైనా ఊరుతోందేమో చూసి, మూత బిగించి, మొదట్లో చేసిన పరీక్ష మళ్లీ చేయండి. గ్లాసులో 60 చూపించిన చోట నాబ్ పక్కన నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెట్టుకోండి.