ఇంటర్వ్యూ ఇంగ్లిష్ – 7వ పాఠం: 'ఎస్ సార్' అనేముందు

ఈ వారం దరఖాస్తు రాయడం నేర్పాలి. అది పైవారానికి జరుపుతున్నా. పోయిన పాఠం చదివి గుంతకల్లు, ఆదోని, ప్రొద్దుటూరు పిల్లలు తమ పరిచయం రికార్డు చేసి పంపారు. వాక్యాలు బాగున్నాయి. కానీ ఫోన్ చేసి ప్రశ్నలు అడిగితే చాలామంది ఒకే చోట జారిపడ్డారు.

డిగ్రీ చివరి ఏడాది అమ్మాయిని 'డోంట్ యు హ్యావ్ ఎనీ ఎక్స్‌పీరియన్స్?' అని అడిగాను. 'ఎస్ సార్' అంది. ఆమె మనసులో ఉన్నది 'ఔ సార్, లేదు' అని. ఇంగ్లిష్‌లో దానర్థం 'ఉంది సార్' అని. 'వేర్ డిడ్ యు వర్క్?' అంటే ఇక నోరు పెగల్లేదు.

మనం అడిగినవాళ్ల మాట నిజమైతే ఔ అంటాం. ఇంగ్లిష్‌లో మీ జవాబు ఒక్కటే చూసుకోవాలి. జవాబులో 'నాట్' వస్తుంటే (డోంట్, హ్యావెంట్‌లలో దాగున్నదీ అదే) 'నో'తో మొదలుపెట్టండి, రాకపోతే 'ఎస్'తో. ప్రశ్న ఎలా అడిగినా ఇంతే. 'హ్యావెంట్ యు పెయిడ్ ద ఫీ?' అంటే, కట్టనివాళ్లు 'నో సార్, ఐ హ్యావెంట్' అనాలి. కట్టినవాళ్లు 'ఎస్ సార్, ఐ హ్యావ్'. 'డోంట్ యు హ్యావ్ ఎ బ్యాంక్ అకౌంట్?' లేకపోతే 'నో సార్, ఐ డోంట్'. 'కాంట్ యు టైప్ ఇన్ తెలుగు?' వస్తే 'ఎస్ సార్, ఐ క్యాన్'. 'ఆరెంట్ యు ఫ్రమ్ కడప?' మీది కడపే అయితే 'ఎస్ సార్, ఐ యామ్'. డోంట్, హ్యావెంట్ ఎలా వస్తాయో మీకు తెలుసు, మళ్లీ చెప్పను.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది 'డు యు మైండ్ వర్కింగ్ నైట్ షిఫ్ట్స్?' అనే ప్రశ్న. రాత్రి డ్యూటీ చేయడానికి మీకేమైనా అభ్యంతరమా అని దానర్థం. ఉద్యోగం కావాలన్న ఆత్రంలో 'ఎస్ సార్' అంటే, చేయనని మీ నోటితో మీరే చెప్పినట్టు. పెనుకొండ దగ్గర కియా కార్లు 2019 నుంచి తయారవుతున్నాయి, చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి. షిఫ్టులుండే పనికి వెళ్లేవాళ్లు ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి. 'నో సార్, నాట్ ఎట్ ఆల్' అనండి. మీకు నిజంగా కుదరకపోతే 'ఐ ప్రిఫర్ డే షిఫ్ట్, సార్' అనండి, తప్పేమీ లేదు.

నాకైతే ఎస్, నో రెండూ వదిలేసి నేరుగా వాక్యం చెప్పడమే ఇష్టం. ఆదోని పత్తి మార్కెట్‌లో మామ దగ్గర లెక్కలు రాసే అబ్బాయి ఇలా అన్నాడు: 'ఐ డోంట్ హ్యావ్ ఆఫీస్ ఎక్స్‌పీరియన్స్, సార్. ఐ రైట్ మై అంకుల్స్ అకౌంట్స్ ఎవ్రీ ఈవినింగ్.' ఇంతకన్నా మంచి జవాబు నాకు తోచదు.

అభ్యాసం: ఇంట్లో ఎవరికీ ఇంగ్లిష్ రాకపోయినా సరే. అమ్మనో అక్కనో తెలుగులోనే 'లేదు కదా, రాదు కదా, కట్టలేదు కదా' అంటూ 20 ప్రశ్నలు గబగబా అడగమనండి. మీరు ఇంగ్లిష్‌లో, పూర్తి వాక్యంలో, ఆలోచనకు ఆగకుండా జవాబివ్వాలి. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటి నుంచి. 20 వరుసగా వచ్చిన రికార్డు మాత్రమే నాకు పంపండి.