తుపాను వస్తోందంటే ఏ పని ఎప్పుడు, బయల్దేరేది ఎప్పుడు

మాది నెల్లూరు జిల్లా మైపాడు వైపు, బకింగ్‌హామ్ కాలువకి తూర్పున, సముద్రం హోరు వినపడే దూరంలో ఉండే ఊరు. ఇంటి ముందే ఇడ్లీ కొట్టు నడుపుతాను. అక్టోబరు వచ్చిందంటే కొట్టు దగ్గర వాతావరణం మాటలే. అల్పపీడనమంట, వాయుగుండమంట, ఈసారి చెన్నైకి పోతుందంట, కాదు మనకే వస్తుందంట. ఆ మాటల్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. తీరం ఎప్పుడు దాటుతుందని అందరూ అడుగుతారు, మన రోడ్డు ఎప్పుడు మునుగుతుందని ఎవరూ అడగరు.

మా ఊరికీ నెల్లూరుకీ మధ్య కాలువ ఉంది, దాని మీద వంతెన ఉంది, ఆ తర్వాత పల్లపు చేల మధ్య రోడ్డు. గాలికి ఇల్లు కదిలేలోపే ఆ రోడ్డు మీద మోకాలిలోతు నీళ్లుంటాయి. మీ ఊరి దారిలోనూ ముందు నీళ్లెక్కే చోటు ఒకటుంటుంది. చప్టానో, కల్వర్టో, రొయ్యల చెరువుల మధ్య మలుపో, అదెక్కడో మీకు తెలుసు. అక్కడ నీళ్లు రాకముందే మీరు అవతల ఉండాలి. మిగతా పనులన్నీ ఆ గంట నుంచి వెనక్కి లెక్క వేసుకోండి.

ముందు కబురు సంగతి. గాలి వేగం గంటకి 62 కిలోమీటర్లకి చేరితే తుపాను అంటారు, 89 అయితే తీవ్ర తుపాను, 118 అయితే అతి తీవ్ర తుపాను. వాతావరణ శాఖ మామూలుగా 48 గంటల ముందు ఒక హెచ్చరిక, 24 గంటల ముందు ఇంకా గట్టి హెచ్చరిక ఇస్తుంది. కృష్ణపట్నం పోర్టులో ఎగరేసే హెచ్చరిక నంబర్లు కూడా టీవీలో చెబుతారు. ఒకటి, రెండు అంటే ఎక్కడో దూరాన ఉందని. మూడు, నాలుగు అంటే ఇక్కడి వాతావరణం చెడుతోందని. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా పెను ప్రమాదం. పదకొండు ఎగరేశారంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. ఆ నంబర్లు పడవలకీ ఓడలకీ. ఇంట్లో వాళ్లకి నా లెక్క వేరే: మూడు ఎగరగానే సర్దడం మొదలుపెట్టాలి, అయిదు ఎగిరేసరికి ఇంట్లో మనుషులుండకూడదు.

ఇంకొకటి గమనించండి, ఎక్కడ తీరం దాటుతుందన్నది. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. అందుకని అది మనకి దక్షిణంగా, చెన్నై, శ్రీహరికోట వైపు దాటితే గాలి సముద్రం మీద నుంచి మన మీదకి కొడుతుంది. ఉప్పెన భయం అప్పుడే ఎక్కువ. సముద్రపు నీళ్లు మొగల గుండా, అంటే ఏర్లు సముద్రంలో కలిసే చోట్ల నుంచి, కాలువలోకి ఎగదన్నుతాయి. మనకి ఉత్తరంగా, బాపట్ల వైపు దాటితే గాలి భూమి మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. అలాగని దుప్పటి కప్పుకుని పడుకోకండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గరే. కానీ దానికి ముందు మన తీరాన్ని ఆనుకునే పైకి పోయింది, నెల్లూరు జిల్లాను వానతో ముంచేసింది. ఇక కావలి దగ్గరే తీరం దాటిన 1989 నవంబరు తుపాను గురించి తెలుసుకోవాలంటే, మా కొట్టుకి వచ్చే పెద్దవాళ్లని కదిలిస్తే చాలు.

ఇంటి పనులు. కొబ్బరిచెట్ల ఎండుమట్టలు, ముదిరిన కాయలు దసరాకే దింపించాలి. తుపాను రేపనగా చెట్టెక్కే మనిషి దొరకడు, దొరికినా ఎక్కించకూడదు. డాబా మీదున్న సింటెక్స్ ట్యాంకు నిండా పట్టండి. ఖాళీ ట్యాంకు ఎగురుతుంది, నిండుది కదలదు, పైగా కరెంటు పోయాక ఆ నీళ్లే దిక్కు. రేకుల మీద ఇసుక బస్తాలు పెట్టి, వాటిని తాడుతో దూలానికి కట్టండి. ఊరికే పెట్టిన బస్తా ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు. డిష్ గొడుగు, విడి రేకులు, పూలకుండీలు, రోకళ్లు అన్నీ లోపలికి. పాత ఫ్లెక్సీలు పారేయకుండా దాచుకోండి, టార్పాలిన్ పట్టలకి ఆ ముందురోజు రేటు పెరుగుతుంది.

గ్యాస్ విషయం కొంచెం చెప్పాలి, నాకు ఇంటి సిలిండరు, కొట్టు సిలిండరు రెండూ ఉంటాయి. రెగ్యులేటర్ తీసేసి, సిలిండరుకి ప్లాస్టిక్ మూత పెట్టి, కిటికీ ఊచకి గొలుసుతో కట్టేస్తాను. ఇంట్లోకి నీళ్లొస్తే ఖాళీ సిలిండరు తేలుతుంది, గోడలకి కొట్టుకుంటూ తిరుగుతుంది. గ్రైండరు, మిక్సీ అటక మీదకి. ఫ్రిజ్ కింద ఇటుకలు. ఇన్వర్టర్ బ్యాటరీ ఎత్తు మీదకి. ఇల్లు వదిలేముందు మెయిన్ ఆఫ్ చేయాలి, అది కూడా చెప్పులేసుకుని, పొడిచేతులతో. టిఫిన్ కొట్ల వాళ్లకి ఒక మాట: పోర్టులో రెండో నంబరు దాటాక మినప్పప్పు నానబెట్టకండి. కరెంటు లేకుండా రుబ్బలేరు, పారేయలేక ఏడుస్తారు.

కాగితాలు. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాస్ పుస్తకం, బ్యాంకు పుస్తకాలు, ఇన్సూరెన్స్ బాండ్లు, పిల్లల సర్టిఫికెట్లు. కవర్లో పెట్టాం కదా అనుకుంటారు, ఆ కవరుకి ఎక్కడో పిన్ను గుచ్చిన చిల్లు ఉంటుంది. నేను వాడేది ఆవకాయ పెట్టే వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా. కడిగి, ఎండలో ఆరబెట్టి, వాసన పోవడానికి రెండ్రోజులు మూత తీసి పెడతాను. కాగితాలు చుట్టగా చుట్టి లోపల నిలబెట్టి, మూత బిగించి, మూత చుట్టూ సెల్లోటేపు రెండు వరసలు వేస్తాను. నీళ్లలో పడినా తేలుతుంది. లోపల పైన ఒక చీటీ మీద పేరు, ఊరు, ఫోన్ నంబరు. అన్నిటికీ ఫోటోలు తీసి వేరే ఊళ్లో ఉన్న బంధువుకి వాట్సాప్‌లో పంపండి, మన ఫోన్ తడిసినా వాళ్ల దగ్గరుంటాయి.

డబ్బులు చేతిలో ఉండాలి, అదీ పదులు, ఇరవైలు, యాభైలు. కరెంటు పోతే ఏటీఎం పనిచేయదు, టవర్ పోతే ఫోన్‌పే కూడా పనిచేయదు. బంకులో పంపు కూడా కరెంటుతోనే నడుస్తుంది, బండికి పెట్రోలు ముందే కొట్టించండి.

తిండి విషయంలో మాత్రం నా మాట వినండి, ఇది నా వృత్తి. బ్రెడ్డు ప్యాకెట్లు కొనుక్కుని పోయేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. తేమకి మర్నాటికే బూజు పడుతుంది. చింతపండు పులిహోర చేసుకోండి. అన్నం కాస్త పలుకుగా వండి, బేసిన్లో పరిచి పూర్తిగా చల్లారనివ్వాలి. పులుసు నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. ఉల్లిపాయ, కొబ్బరి వేయకూడదు. వేడిగా ఉండగానే స్టీలు క్యారియర్లో పెట్టి మూత బిగిస్తే లోపల చెమట పట్టి సాయంత్రానికే వాసనొస్తుంది. చల్లారాక అరిటాకులో పొట్లాలు కట్టండి, మర్నాడు మధ్యాహ్నం దాకా ఢోకా లేదు. ఆ తర్వాతకి మరమరాలు, పుట్నాలు, బెల్లం, వేరుశనగ ఉండలు. చంటిపిల్లలుంటే పాలపొడి, ఫ్లాస్కులో కాచిన నీళ్లు. మనిషికి రోజుకి మూడు లీటర్ల మంచినీళ్ల లెక్కన క్యాన్లు.

మా అత్తమ్మకి షుగరు, ఇన్సులిన్ వేసుకుంటుంది. వాడుతున్న సీసా ఎండా వేడీ తగలకుండా ఉంటే ఫ్రిజ్ లేకపోయినా కొన్ని వారాలు పాడవదు. కొత్త సీసాలని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, చిన్న మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో పెడతాం. ఐసుముక్కల మధ్య మాత్రం పెట్టకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పనికిరాదు. బీపీ, గుండె మాత్రలు రెండు వారాలకి సరిపడా ఉండాలి, డాక్టరు రాసిన చీటీ కూడా ఉండాలి. నెలలు నిండిన గర్భిణి ఇంట్లో ఉంటే షెల్టరు మాట వద్దు, తుపాను అన్న మాట వినపడగానే నెల్లూరులో ఆసుపత్రికి దగ్గర్లో ఉంచండి.

ఇక ముసలివాళ్లని కదిలించడం అన్నిటికన్నా కష్టమైన పని. "ఈడ యాభై ఏళ్ల నించి ఉండాను, ఏ గాలీ నన్నేం చేయలా, మీరు పోండి" అంటుంది అత్తమ్మ ప్రతిసారీ. వాదించి లాభం లేదు. నేను ఆమె మందుల సంచి, వక్కాకు పెట్టె తీసుకెళ్లి ముందు ఆటోలో పెట్టేస్తాను. కాసేపు గొణుక్కుని వాటి వెనకే వచ్చి కూర్చుంటుంది. మగవాళ్లది ఇంకో రకం. "నేను ఇంటికి కాపలా ఉంటా" అంటారు. దొంగ కూడా ఆ గాలిలో రాడని చెప్పండి. రొయ్యల చెరువుల దగ్గర గుడిసెల్లో పడుకునే కాపలావాళ్లని మాత్రం మర్చిపోవద్దు. చాలామంది బయటి ఊళ్లవాళ్లు, వాళ్లకి ఇక్కడి నీటి దారి తెలియదు. చెరువు మీ సొంతమైనా కాకపోయినా ఒక ఫోన్ చేయండి.

గొడ్లని వీలైతే ముందురోజే మెట్టకి తోలండి. వీలుకాకపోతే పలుపు విప్పి వదిలేయండి, కట్టుకొయ్యకి మాత్రం ఉంచకండి. గేదె ఈదగలదు, కట్టేసిన గేదె ఈదలేదు. ముడి విప్పాక పలుపు మెడకే వేలాడనిస్తే కంపకి తట్టుకుంటుంది, దాన్ని పూర్తిగా తీసేయాలి. కొమ్ముకి రంగు పూస్తే తర్వాత వెతుక్కోవడం సులువు.

బయల్దేరేది పగటిపూట, అన్నం తిన్నాక. సచివాలయం మైకు ఆటో వచ్చి చెప్పేదాకా ఆగాల్సిన పనిలేదు. అది వచ్చేసరికి ఊళ్లో ఆటోలన్నీ నిండిపోయి ఉంటాయి. ఆటో అతనితో ముందే మాట్లాడుకోండి, రేటు ఎక్కువ అడిగితే ఆరోజుకి బేరం ఆడకండి. వీఆర్వోకో, పక్కింటివాళ్లకో ఎక్కడికి పోతున్నారో చెప్పి పోండి, లేకపోతే మీకోసం ఎవరో నీళ్లలో వెతుకుతారు. దారిలో పారే నీళ్లు అడ్డొస్తే దిగొద్దు, బండి అసలే దింపొద్దు. మునిగిన రోడ్డు కింద గండి పడిందో లేదో పైనుంచి కనపడదు. ఇరుక్కుపోతే 112 గానీ 1070 గానీ చేయండి, అంబులెన్సుకి 108.

బంధువుల ఇల్లు ఉంటే అక్కడికే పోండి. లేకపోతే తుపాను షెల్టరో, బడో. అక్కడ భోజనం పెడతారు, కానీ బాత్‌రూముల్లో నీళ్లుంటాయని నమ్మకం లేదు. మేమున్న ఒక చోట మొదటిరోజు సాయంత్రానికే కుళాయి ఆగిపోయింది, ఆడవాళ్లం చీకటి పడేదాకా కాచుకుని కూర్చున్నాం. బకెట్టు, మగ్గు, ప్యాడ్లు, ఓడోమాస్, చాప, దుప్పటి మీవి మీరే తెచ్చుకోండి. గోడ పక్కన చోటు చూసుకోండి, కిటికీ కింద వద్దు.

గాలి ఒక్కసారిగా ఆగి, ఆకాశం తెల్లబడితే ఎవరూ బయటికి పోవద్దు. తుపాను కన్ను మన మీద ఉందన్నమాట. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే గాలి వస్తుంది. మొదటి గాలికి వేళ్లు వదులైన చెట్లు రెండో గాలికి పడతాయి.

ఎండ కాయగానే ఇంటికి పరుగెత్తడం మనవాళ్ల అలవాటు. మన దగ్గర వాన ఆగినా పైన కడప వైపు పడిన నీళ్లు పెన్నలో దిగి రావడానికి టైం పడుతుంది. 2021 నవంబరులో అదే జరిగింది. పైన చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం తెగింది, పెన్న మీది సోమశిల రిజర్వాయరు గేట్లెత్తారు, పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. పెన్న సముద్రంలో కలిసేది మా వైపే. అందుకని తిరిగొచ్చే ముందు అడగాల్సింది వాన ఆగిందా అని కాదు, సోమశిల నుంచి ఎంత వదులుతున్నారు అని. ఆ లెక్క టీవీలో క్యూసెక్కుల్లో చెబుతూనే ఉంటారు. అది తగ్గేదాకా ఆగండి. ప్రకాశం జిల్లా వాళ్లకైతే గుండ్లకమ్మ రిజర్వాయరు లెక్క.

ఇంటికొచ్చాక తలుపు తీసి గడపలోనే నిలబడి కర్రతో నేల తట్టండి. పొయ్యి కింద, బట్టల మూటల్లో, చెప్పుల్లో పాములుంటాయి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం వద్దు, కదలకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. తెగిన తీగ కనిపిస్తే అందులో కరెంటు ఉన్నట్టే లెక్క, దూరంగా ఉండి 1912కి చెప్పండి. తడిసిన స్విచ్‌బోర్డులు ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయొద్దు. బావి నీళ్లు, బోరు నీళ్లు బ్లీచింగ్ వేసి, కాచి తాగండి.

ఊడ్చి కడగడం మొదలుపెట్టేముందు ప్రతి గదీ ఫోటో తీయండి. గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో కనపడాలి, పక్కన మనిషి నిలబడితే ఇంకా మంచిది. నష్టం రాసుకోవడానికి వచ్చేవాళ్లు పదో రోజున వస్తే అప్పటికి మీ ఇల్లు శుభ్రంగా ఉంటుంది, ఏం పోయిందమ్మా అని అడుగుతారు. చచ్చిన గొడ్డు, కోళ్లు, మునిగిన నారుమడి, పోయిన రేకులు అన్నీ అంతే, ముందు ఫోటో. జాబితాలో మీ పేరు ఎక్కిందో లేదో సచివాలయానికి మీరే వెళ్లి చూసుకోండి, ఎక్కకపోతే అర్జీ ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి.