ట్యాక్స్ కాగితాలు: ఎవరి దగ్గరున్నా సరే, మీ దగ్గర ఒక కాపీ ఉండాలి

"అన్నీ ఆన్‌లైన్‌లోనే ఉంటాయి కదా, మళ్లీ దాచుకోవడం దేనికి" అనేవాళ్లు ఒకసారి ఉద్యోగం మారి చూడండి. చివరి రోజు సాయంత్రానికల్లా ఆఫీసు లాగిన్ ఆగిపోతుంది, పేస్లిప్పులూ మీరు అప్‌లోడ్ చేసిన ఎల్ఐసీ రసీదులూ అద్దె రసీదులూ అందులోనే ఉండిపోతాయి, ఇక హెచ్ఆర్ వాళ్లకి మెయిల్ మీద మెయిల్ కొడుతూ కూర్చోవాలి. నోటీసు పీరియడ్‌లో ఉండగానే అన్నీ దించేసుకోండి. ఆ ఏడాది ఫారం 16 (జీతంలోంచి కట్ చేసిన పన్నుకి కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్) మాత్రం తర్వాతే వస్తుంది కాబట్టి, మీ సొంత మెయిల్ ఐడీ ఇచ్చి రండి.

ఏటా చేయాల్సిన పని పెద్దదేం కాదు. ఏడాదికో ఫోల్డర్, పేరు ఆర్థిక సంవత్సరంతో: 2024-25 అని. అసెస్‌మెంట్ ఇయర్‌తో (ఆ ఆదాయానికి పన్ను లెక్కకట్టే తర్వాతి ఏడాది) పెట్టారా, నాలుగేళ్ల తర్వాత ఏది దేనిదో తెలీక తల పట్టుకోవాలి. అందులో ఫారం 16, 26ఏఎస్ (మీ పాన్ మీద కట్ అయిన పన్ను వివరాలు), ఏఐఎస్ (మీ ఆదాయం, లావాదేవీల గురించి ఆదాయపు పన్ను శాఖ దగ్గరున్న వివరాలు), మీకున్న అన్ని ఖాతాల స్టేట్‌మెంట్లు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా (వాడని ఖాతాది కూడా, వడ్డీ అక్కడే పడుతుంది), హోమ్ లోన్ వడ్డీ సర్టిఫికెట్, హెల్త్ ఇన్సూరెన్స్ రసీదు వేయండి. ఏఐఎస్‌ని రిటర్న్ వేసిన రోజే దించుకోవాలి, ఎందుకంటే అది తర్వాత కూడా మారుతూ ఉంటుంది, ఆ రోజు అందులో ఏముందో చూపించడానికి మీ కాపీ తప్ప ఇంకోటి ఉండదు. దాని పాస్‌వర్డ్ చిన్న అక్షరాల్లో పాన్, వెంటనే పుట్టిన తేదీ. తెరిచి, ప్రింట్‌కి వెళ్లి మళ్లీ పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే మామూలుగా పాస్‌వర్డ్ గోల వదిలిపోతుంది.

రిటర్న్ విషయంలో చాలామంది ఒక్క పేజీ అక్నాలెడ్జ్‌మెంట్ దాచుకుని అదే రిటర్న్ అనుకుంటారు. కాదు. పూర్తి ఫారం కావాలి, ఆ తర్వాత శాఖ దాన్ని సరిచూసి మెయిల్‌కి పంపే 143(1) ఇంటిమేషన్ కూడా కావాలి. "మా ఆడిటర్ చూసుకుంటారు" అంటారా, అయితే ముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఎవరి ఫోన్ నంబరు, ఎవరి మెయిల్ ఉన్నాయో చూడండి, ఆయనవి ఉంటే నోటీసులు ఆయనకే పోతాయి, ఆయన చూస్తే చూస్తారు లేకపోతే లేదు. రీఫండ్ ఎక్కువ తెప్పిస్తామనే వాళ్ల చేత వేయించిన వాళ్లయితే ఇవాళే ఫారం తెరిచి చదవండి, మీరు ఎన్నడూ ఇవ్వని విరాళం అందులో కనిపిస్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరే, వాళ్లు కాదు.

ఎన్నేళ్లు ఉంచాలి? ఉదాహరణకి 2023-24 ఆదాయం తీసుకుంటే, లెక్కలోకి రాని మొత్తం 50 లక్షలు దాటిందని శాఖ అనుకుంటే 2030 జూన్ ఆఖరు దాకా నోటీసు ఇవ్వొచ్చు. అంత పెద్ద మొత్తాలు మనకెక్కడివి అనుకున్నా, ఎనిమిదేళ్లు ఉంచితే టెన్షన్ ఉండదు.

కానీ ఆస్తుల కాగితాలకి ఈ ఎనిమిదేళ్ల లెక్క పనికిరాదు, నన్నడిగితే అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. 2009లో కొన్న ఫ్లాటు ఇప్పుడు అమ్మితే, కొన్న ధర, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు, తర్వాత ఇంకో గది వేయించి ఉంటే ఆ బిల్లులు, ఇవన్నీ అమ్మిన ధరలోంచి తీసేసుకోవచ్చు, మిగిలిందే లాభం. 2024 జులై 23కి ముందు కొన్న ఇల్లూ స్థలాలకి లాభం మీద పన్ను 12.5 శాతమా, ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరని పెంచి లెక్కగట్టడం) 20 శాతమా అని ఇక్కడ ఉండేవాళ్లకి ఎంచుకునే వీలుంది, కాగితం లేకపోతే ఎంచుకోవడానికి లెక్కే తేలదు. కొన్నప్పటి డబ్బు పాత ఆంధ్రా బ్యాంకు, ఎస్‌బీహెచ్ (స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్) ఖాతాల్లోంచి కట్టి ఉంటే ఆ పాస్‌బుక్కులు అస్సలు పారేయకండి, ఆ బ్యాంకులు ఇప్పుడు వేరే బ్యాంకుల్లో కలిసిపోయాయి.

బంగారం సంగతీ అంతే. పెళ్లయిన ఆడవాళ్లకి 500 గ్రాముల దాకా ఏం అడగరు అని అందరూ చెబుతుంటారు గానీ, అది పన్ను శాఖ సోదాల్లో స్వాధీనం చేసుకోకుండా 1994లో ఇచ్చిన సూచన, అమ్మేటప్పుడు కొన్న ధరకి రుజువు కాదు. నాన్నగారో అత్తగారో డబ్బిస్తే దానికి పన్ను లేదు, ఎంతైనా సరే, కాకపోతే బ్యాంకు ద్వారా తీసుకుని, ఫలానా తేదీన ఇంత ఇచ్చాను అని ఒక కాగితం మీద వాళ్ల చేత రాయించి సంతకం తీసుకోండి. అడగడానికి మొహమాటంగానే ఉంటుంది, అయినా అడగండి. పంట అమ్మిన డబ్బు ఖాతాలో పడేవాళ్లు పట్టాదారు పాస్‌బుక్ జిరాక్సుతో పాటు మార్కెట్ యార్డు తక్‌పట్టీలు (పంట తూకం, అమ్మకం చీటీలు) కూడా దాచాలి.

నగల షాపుల్లో, ఆసుపత్రుల్లో కొన్నిచోట్ల ఇచ్చే నున్నటి రసీదులు బీరువాలో పెట్టినా ఏడాది తిరిగేసరికి తెల్లకాగితాలైపోతాయి, తెచ్చిన రోజే ఫోటో తీయండి. వాట్సాప్‌లో తనకి తాను పంపుకుని వదిలేయడం దాచుకోవడం కాదు, ఫోన్ పోతే అదీ పోవచ్చు. ఒక కాపీ క్లౌడ్‌లో, ఇంకోటి పెన్‌డ్రైవ్‌లో, ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి తెలిసుండాలి. గడువు దాటిన స్టేట్‌మెంట్లని మాత్రం పాత పేపర్లతో కలిపి తూకానికి వేయకండి, పాన్ నంబరూ అకౌంట్ నంబరూ ఉన్న చోట ముక్కలు ముక్కలుగా చింపేసి అప్పుడు పారేయండి.