చచ్చిపోయిన ప్రాసెస్ నంబర్ మీద సిగ్నల్ వేరేవాళ్లకు తగలకుండ కెర్నెల్‌ల ఏం చేయాలె

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ల ఒక అడ్తి (కమిషన్ ఏజెంటు) దుకాణం కంప్యూటర్లు నేనే చూస్త. మిర్చి సీజన్‌ల దడ్వాయి (తూకం వేసేటాయన) తూకం చెప్పంగనే తక్‌పట్టీ (తూకం, పైసల లెక్క చీటీ) ప్రింట్ కావాలె, రైతు చేతికి పోవాలె. ప్రింట్ చేసే ప్రోగ్రాం అప్పుడప్పుడు ఇరుక్కపోయేది. అందుకని ఒక స్క్రిప్ట్ రాసిన: ప్రోగ్రాం లేవంగనే దాని ప్రాసెస్ నంబర్ (నడుస్తున్న ప్రోగ్రాంకు కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టం అసలు భాగం, ఇచ్చే నంబర్; దీన్నే పిడ్ అంటరు) ఒక ఫైల్‌ల పెట్టుడు, ఆదివారం రాత్రి ఆ నంబర్ చదివి సిగ్‌కిల్ (ప్రాసెస్‌ను చంపే సిగ్నల్) కొట్టుడు, మళ్ల కొత్తగ లేపుడు.

ఒక వారం ఆ ప్రోగ్రాం నడిమిట్లనే చచ్చిపోయింది. దుకాణంల పిల్లగాడు చేత్తోని మళ్ల లేపిండు. ఫైల్‌ల మాత్రం పాత నంబరే ఉండిపోయింది. ఆదివారం రాత్రికి ఆ నంబర్ లెక్కల బ్యాకప్ తీసే ప్రాసెస్‌కు వచ్చింది. నా స్క్రిప్ట్ పోయి బ్యాకప్‌ను చంపింది. పొద్దున చూస్తే బ్యాకప్ ఫైలు సగమే ఉన్నది. ఆ వారమంత రైతులకు ఇయ్యాల్సిన పైసల లెక్క అండ్లనే ఉంటది. అప్పటి నుంచి ఈ సంగతి నన్ను వదల్లే.

నంబర్ ఎట్ల తిరిగొచ్చింది? ఆ మిషన్ల పరిమితి 32,768. లైనక్స్ నంబర్లు వరుసగ ఇచ్చుకుంట పోతది, పరిమితి చేరినంక వెనక్కి 300 కాడికి వచ్చి ఖాళీగున్నయి మళ్ల పంచుతది. మా పాత షెల్ స్క్రిప్ట్ ఒక్క తక్‌పట్టీకి ఎనిమిది ప్రాసెస్‌లు పుట్టించేది. అంటే నాలుగు వేల పట్టీలు దాటితే ఒక చుట్టు అయిపోయినట్టే. 64 బిట్ల మిషన్ల పరిమితిని 41,94,304 దాక పెంచొచ్చు. పెంచితే తప్పు అరుదుగ జరుగుతది, జరగకుండ మాత్రం పోదు. అరుదుగ జరిగే తప్పు ఇంకా కష్టం, ఎందుకంటే పట్టుకుందామంటే కనపడదు.

మార్కెట్‌ల ఇది అందరికి తెలిసిన సంగతే. ఇయ్యాల 112 నంబర్ లాట్ ఒక రైతుది, రేపు అదే 112 ఇంకో రైతుది. నిన్నటి చీటీ పట్టుకొని ఇయ్యాల కుప్ప ఎత్తుకపోతమంటే ఎవరు ఊకుంటరు?

ఆదివారాలు హన్మకొండల మా ఇంటికి ఇంజనీరింగ్ పిల్లలు నలుగురు వస్తరు, సొంతంగ ఒక చిన్న కెర్నెల్ రాస్తున్నరు. ఈ కథ చెప్తే ఒక తమ్ముడు అడిగిండు: "అక్కా, కిల్ కొట్టే ముందు ప్రాసెస్ పేరు, మొదలైన టైం ఒకసారి చూసుకుంటే సరిపోదా?" చానామంది ఇక్కడనే ఆగిపోతరు. ప్రాక్‌ల (లైనక్స్ ప్రాసెస్‌ల వివరాలు చూపెట్టే ఫోల్డర్) ప్రతి ప్రాసెస్ స్టాట్ ఫైల్‌ల 22వ గడి మొదలైన టైం చెప్తది, నిజమే. కానీ చూసుడు ఒక పని, కొట్టుడు ఇంకో పని. రెండింటి నడుమ ఆ ప్రాసెస్ చచ్చి, నంబర్ ఇంకొకదానికి పోయే సందు ఉన్నది. ఎంత జల్దీ కొట్టినా ఆ సందు మూసుకోదు. ఒక్క థ్రెడ్‌కు (ప్రాసెస్ లోపల నడిచే ఒక పని వరుసకు) సిగ్నల్ పంపే టీకిల్‌కు కూడ ఇదే బాధ ఉండె. దాని తర్వాత వచ్చిన టీజీకిల్ ఆ థ్రెడ్ ఏ గ్రూపుదో (ఏ ప్రాసెస్‌దో) ఆ నంబర్ కూడ అడుగుతది. దాంతోని సందు సన్నగైంది గని పోలే.

అందుకని కెర్నెల్ రాసేటప్పుడు నంబర్‌ను, గుర్తును, ప్రాసెస్ ఒళ్లును మూడు వేరు వేరు సంగతులుగ పెట్టుండ్రి. నంబర్ మనుషులు పిలుచుకునేందుకు. గుర్తు అంటే ఒక చిన్న రికార్డు, దాన్ని ఎంతమంది పట్టుకున్నరో లెక్క అండ్లనే ఉంటది. ప్రాసెస్ చచ్చి, దాని ఒళ్లు తీసేసినంక నంబర్ తిరిగి పోవచ్చు. రికార్డు మాత్రం పట్టుకున్నోళ్లు ఉన్నన్ని రోజులు ఉంటది, అండ్ల ప్రాసెస్ జాగ ఖాళీ అయితది. కొత్త ప్రాసెస్‌కు అదే నంబర్ వచ్చినా రికార్డు కొత్తదే పుడుతది. పాత రికార్డు దాన్ని ఎన్నడూ చూపెట్టదు. ఈ ఒక్క నియమం మీదనే అంత నిలవడ్డది.

రికార్డు ఎందుకు, ప్రాసెస్ ఒళ్లునే పట్టుకుంటే కాదా? లైనక్స్ సోర్సుల దీనికి లెక్కతోని జవాబు రాసి పెట్టిండ్రు: టాస్క్ స్ట్రక్టు (నేను ఒళ్లు అన్నది ఇదే), దాని స్టాక్ కలిసి సుమారు 10 కేబీ, ఈ పిడ్ రికార్డు సుమారు 64 బైట్లు. ఎవడో వెయ్యి హ్యాండిళ్లు (ప్రాసెస్‌ను పట్టుకునేటివి) తెరిచి మరిచిపోతే 10 ఎంబీ పోవాల్నా, 64 కేబీ పోవాల్నా అన్నదే లెక్క.

ఆ రికార్డును యూజర్ ప్రోగ్రాంకు ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కు కెర్నెల్ ఇచ్చే చిన్న నంబర్) రూపంల ఇయ్యుండ్రి, హ్యాండిల్ అంటే ఇదే. లైనక్స్‌ల దీని పేరు పిడ్‌ఎఫ్‌డీ. 2019ల 5.1 వెర్షన్‌ల దాని మీద సిగ్నల్ పంపే కాల్ (ప్రోగ్రాం కెర్నెల్‌ను పని అడిగే పిలుపు) వచ్చింది. 5.2ల క్లోన్ (కొత్త ప్రాసెస్‌ను పుట్టించే కాల్) చేసినప్పుడే హ్యాండిల్ చేతికొచ్చే ఫ్లాగ్, 5.3ల ఉన్న నంబర్ నుంచి హ్యాండిల్ తెరిచే పిడ్‌ఎఫ్‌డీ ఓపెన్ వచ్చినయి. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టంల ఇట్లాంటి ప్రాసెస్ డిస్క్రిప్టర్లు 9.0 నుంచే ఉన్నయి. అండ్ల చివరి డిస్క్రిప్టర్ మూస్తే, వేరేగ చెప్పకుంటే, ప్రాసెస్ కూడ చస్తది. లైనక్స్‌ల మామూలుగ మూస్తే ఏం కాదు. మీ కెర్నెల్‌ల ఏది కావాల్నో మొదలే తేల్చుకోండ్రి, నడుమ మారిస్తే ప్రోగ్రాంలన్ని ఆగమైతయి.

సిగ్నల్ పంపే కాల్‌ల రెండు సంగతులు మరువొద్దు. మొదటిది, అనుమతి హ్యాండిల్ తెరిచినప్పుడు గాదు, పంపిన ప్రతిసారి చూడాలె. ఎందుకంటే హ్యాండిల్ చూపెట్టే ప్రాసెస్ ఎగ్జెక్ చేసి (తన జాగల ఇంకో ప్రోగ్రాంను ఎక్కించుకొని) సెట్‌యూఐడీ ప్రోగ్రాంగ, అంటే దాని ఓనర్ అధికారంతోని నడిచేదానిగ, మారొచ్చు. ప్రాసెస్ అదే, అధికారం వేరు. హ్యాండిల్‌ను సాకెట్ (ప్రాసెస్‌లు మాట్లాడుకునే దారి) మీద ఇంకొకరికి కూడ పంపొచ్చు, అప్పుడు పంపేటోని అధికారమే చూడాలె. రెండోది, రికార్డుల జాగ ఖాళీగుంటే అట్లాంటి ప్రాసెస్ లేదనే ఎర్రర్, ఈఎస్‌ఆర్‌సీహెచ్, ఇయ్యాలె. ఇండ్ల ఒక చిక్కున్నది: నాయకుడు (ప్రాసెస్‌ల మొదటి థ్రెడ్) గాని థ్రెడ్ ఎగ్జెక్ చేస్తే నాయకత్వం దానికి మారుతది, ఆ క్షణంల పాత నాయకుడు లేనట్టు కనపడుతడు. లైనక్స్ అప్పుడు ఊకనే ఎర్రర్ ఇయ్యదు, అదే రికార్డు నుంచి మళ్లొకసారి వెతుకుతది. మా పిల్లల కెర్నెల్‌ల ఇది మరిచిండ్రు, బతికున్న ప్రాసెస్‌ను చచ్చిందని చెప్పేది.

ఇగ వాడేటప్పుడు. మీ పిల్ల ప్రాసెస్ అయితే క్లోన్‌తోనే హ్యాండిల్ తీసుకోండ్రి, అదే అన్నిటికన్న మేలు. ఫోర్క్ (పిల్ల ప్రాసెస్‌ను పుట్టించే పాత పద్ధతి) చేసినా, మీరు వెయిట్ చేసేదాక (పిల్ల చావు సంగతి అడిగి తీసుకునేదాక) జాంబీ, అంటే చచ్చినా ఇంకా లెక్కల ఉన్న ప్రాసెస్, ఆ నంబర్‌ను వదలదు, అప్పటిదాక భయం లేదు. కానీ సిగ్‌చైల్డ్‌ను (పిల్ల చచ్చిందని వచ్చే సిగ్నల్‌ను) ఇగ్నోర్ చేసినా, ఏదన్న లైబ్రరీ మీకు తెల్వకుండ వెయిట్ చేసినా ఆ భరోస పోతది.

నా స్క్రిప్ట్ లెక్క ఫైల్‌ల నంబర్ మాత్రమే ఉంటే వరుస ముఖ్యం: ముందుగాల హ్యాండిల్ తెరువుండ్రి, తర్వాతనే మొదలైన టైం సరిచూడుండ్రి, ఆఖరుకు హ్యాండిల్ మీద సిగ్నల్ పంపుండ్రి. ముందుగాల చూసి తర్వాత తెరిస్తే పాత సందే మళ్ల వస్తది. ఈ వరుసల అయితే, తెరిచినంక నంబర్ చేతులు మారినా మీ చేతిలది చచ్చిన పాతదాని హ్యాండిలే, సిగ్నల్ ఎవరికీ తగలదు. ఫైల్‌ల నంబర్ పక్కన టైం కూడ రాసి పెట్టుకోవాలె, లేకుంటే దేనితోని సరిచూస్తరు? పైథాన్ 3.9 నుంచి హ్యాండిల్ తెరిచే, దాని మీద సిగ్నల్ పంపే ఈ రెండు కాల్స్ ఉన్నయి, నేను దాంట్లనే రాసిన. ప్రాసెస్ పోయిందా లేదా అని మళ్ల మళ్ల అడిగే పని కూడ లేదు, హ్యాండిల్ మీద పోల్ చేస్తే (సంగతి జరిగేదాక కాచుకొని కూసునే కాల్) చావంగనే చెప్తది. ఒక ప్రాసెస్ కాదు, దాని సంతానమంత పోవాలంటే లైనక్స్ 5.14 నుంచి సీగ్రూప్ కిల్ (ప్రాసెస్‌ల గుంపును ఒకేసారి చంపేది) ఉన్నది, దాన్నే వాడుండ్రి.

పరీక్ష చేయకుండ నమ్మొద్దు. ఒక వర్చువల్ మిషన్ల పిడ్ మ్యాక్స్ (నంబర్ల పరిమితి) 1000కి తగ్గించండ్రి (301 కన్న తక్కువ ఒప్పుకోదు). ఒక ప్రాసెస్‌ను లేపి, హ్యాండిల్ తీసి, చంపి, వెయిట్ చేసి, అదే నంబర్ ఇంకొకదానికి వచ్చేదాక ఫోర్క్ చేసుకుంట పోండ్రి. పోయిన ఆదివారం ఆ తమ్ముని ల్యాప్‌టాప్ మీద చేసినం. నంబర్ మీద కొట్టిన కిల్‌కు సంబంధం లేని ప్రాసెస్ చచ్చింది. హ్యాండిల్ మీద కొడితే ఈఎస్‌ఆర్‌సీహెచ్ వచ్చింది.