ఫుల్ చార్జ్ ఉన్నా టార్చి వెలుగు తగ్గిందా? మొదట వెనక మూత చూడండి

సమస్య: టార్చిలోని సెల్ (బ్యాటరీ) ఫుల్ చార్జ్‌లో ఉంది, వెలుగు మాత్రం నీరసంగా ఉంది.

ఇలాంటప్పుడు చాలామంది కొత్త సెల్ కొనేస్తారు. తొందరపడకండి. ఎక్కువసార్లు తప్పు కరెంటు వెళ్లే దారిలో, అంటే స్ప్రింగు, స్విచ్, మూత బిగించే మరల దగ్గర పేరుకున్న నిరోధంలో ఉంటుంది. 3 ఆంపియర్లు లాగే టార్చిలో 0.1 ఓమ్ నిరోధం చేరితే చాలు, 0.3 వోల్టులు అక్కడే పోతాయి. నిండుగా ఉన్న లిథియం సెల్ ఇచ్చేది 4.2 వోల్టులు, ఎల్‌ఈడీకి కావలసింది 3 పైచిలుకు. మధ్యలో మిగిలేదే కాస్త, అందులో ఇంత పోతే వెలుగు పడిపోక ఏమవుతుంది?

పరీక్ష తేలిక. వెనక మూత తీసేయండి. మందపాటి రాగి తీగ ఒక కొస సెల్ మైనస్‌కు, ఇంకో కొస గొట్టం అంచున రంగు లేని లోహానికి ఆనించండి. వెలుగు ఒక్కసారిగా పెరిగితే తప్పు మూతలోనే. పెరగకపోతే సెల్‌నో, ముందు భాగాన్నో అనుమానించాలి.

పరిష్కారం: గొట్టం అంచు, మరలు, స్ప్రింగు కొన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. గుడ్డకు నల్లటి మసి అంటుతుంది, నిరోధం అక్కడిదే. మూత లోపల స్విచ్‌ను పట్టి ఉంచే రింగు వదులైందేమో చూసి బిగించండి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నా లెక్కలో మొదట చూడాల్సింది ఇదే.

సమస్య: మొదట బాగా వెలిగి, మెల్లమెల్లగా తగ్గిపోతోంది.

కరెంటును అదుపు చేసే సర్క్యూట్ (డ్రైవర్) లేని టార్చి ఇలాగే ఉంటుంది. ఎల్‌ఈడీకి అందే వోల్టేజి కొంచెం తగ్గినా కరెంటు బాగా పడిపోతుంది. ఇది రిపేరు కాదు, కొనేటప్పుడే చూసుకోవాల్సిన విషయం. బక్-బూస్ట్ డ్రైవర్, అంటే వోల్టేజిని అవసరాన్ని బట్టి తగ్గించీ పెంచీ ఇచ్చేది, ఉంటే సెల్ దాదాపు ఖాళీ అయ్యేదాకా వెలుగు నిలకడగా ఉంటుంది.

సమస్య: కొన్ని నిమిషాలకే వెలుగు ఒక మెట్టు దిగుతోంది.

గొట్టం వేడెక్కితే డ్రైవరే కరెంటు తగ్గిస్తుంది. చల్లారాక మళ్లీ పూర్తిగా వెలిగితే టెన్షన్ అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. నిరోధం తగ్గించాలని స్ప్రింగుకు రాగి తీగ సోల్డర్ చేసేవాళ్లున్నారు. డ్రైవర్ ఉన్న టార్చికి అది మంచిదే. మూడు సన్న పెన్సిల్ సెల్స్‌తో నడిచే చౌక టార్చిల్లో చాలావాటికి డ్రైవర్ ఉండదు, సెల్స్ లోపలి నిరోధమే ఎల్‌ఈడీలను కాపాడుతుంది. వాటిలో లిథియం సెల్ పెట్టినా, తీగ అతికినా ఎల్‌ఈడీలు కాలిపోవచ్చు.