పాత సోవియట్ పంటల లెక్కలు చదవాలంటే

చేను పచ్చగా ఉన్నప్పుడు మా నాన్న "ఈసారి ఎకరానికి పాతిక బస్తాలు ఖాయం" అనేవాడు. నూర్పిడయ్యాక ఇరవై దాటేవి కావు. ఎకనామిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన నాకు సోవియట్ గణాంకాలు బోధపడింది ఆ కల్లంలోనే. పాత పట్టికలు పట్టుకుని వచ్చే పిల్లలకు నేను ముందు చెప్పేది ఒకటే: ఎంత పండిందన్నది తర్వాత, ఎక్కడ కొలిచారో చూడండి.

1933 నుంచి వాళ్ళు గాదెకు చేరిన గింజను కాక, చేలో నిలబడ్డ పంటను లెక్కగట్టారు. దానికి 'బయలాజికల్ దిగుబడి' అని పెద్ద పేరు. కోతలో రాలిందీ, వానకు కుళ్ళిందీ అన్నీ పండినట్టే. 1937 పంట 12 కోట్ల టన్నులన్నారు. తర్వాతి కాలపు పుస్తకాల్లో అదే 9.7 కోట్లయింది. కాబట్టి పంట ఏ ఏటిదో, పుస్తకం ఏ ఏట అచ్చయిందో రెండూ రాసుకోండి. 1932, 1933 పక్కపక్కన ఉంటే మధ్యన పెన్సిలుతో గీత కొట్టండి. వృద్ధి శాతాన్ని ఆ గీత దాటించొద్దు.

ఇదంతా ఉత్త గొప్పల కోసమే అనుకోకండి. ఊళ్ళకు యంత్రాలు అద్దెకిచ్చే ప్రభుత్వ ట్రాక్టరు స్టేషన్లు తమ బాడుగను ధాన్యంగానే, అదీ ఈ చేను లెక్క ప్రకారమే గుంజుకునేవి. కాగితం మీద పంట పెరిగేకొద్దీ రైతుకు మిగిలేది తగ్గింది. ఏ అంకె కనబడినా, దాన్ని చూపించి ఎవరి దగ్గర ఏం వసూలు చేశారో వెతకండి.

ప్రసంగాల్లో పూద్‌లు వస్తాయి. పూద్ అంటే 16.38 కిలోలు. 1952 పార్టీ మహాసభలో స్టాలిన్ అనుచరుడు మాలెంకోవ్ 800 కోట్ల పూద్‌లు పండాయి, ధాన్యం సమస్య తీరిపోయిందన్నాడు. 1958లో అప్పటి అధినేత క్రుశ్చేవ్ అసలు లెక్క 560 కోట్లేనని బయటపెట్టాడు. నిజమే చెప్పాడు గానీ, మాలెంకోవ్‌ను నాయకత్వం నుంచి గెంటేసిన మరుసటి ఏడు చెప్పాడు. దిద్దుబాటుకూ తారీఖు చూడాలి!

రహస్య పత్రాలు దొరకలేదని కూర్చోనక్కర్లేదు. నౌమ్ యాస్నీ అనే ఆర్థికవేత్త అమెరికాలో ఉండి, మాస్కో అచ్చేసిన కాగితాలనే ఒకదానికొకటి ఎదురుపెట్టి ఈ చేను లెక్క గుట్టు విప్పాడు.

ధాన్యం లెక్క పక్కన మనుషుల లెక్క పెట్టండి. జనాభా 16.8 కోట్లని స్టాలిన్ 1934లో ప్రకటించాడు. మధ్యలో మూడేళ్ళు గడిచినా 1937 జనగణనలో తేలింది 16.2 కోట్లే. 1932–33 కరువు ఆ తేడాలో ఉంది. ఆ జనగణనను రద్దు చేశారు, దాన్ని నడిపిన క్విత్కిన్‌ను కాల్చేశారు. మీ పట్టికలో 1937 గడి ఖాళీగా ఉంటే అచ్చుతప్పనుకుని పక్క ఏళ్ళ సగటుతో నింపేయకండి.